చివరి ఘడియ దాకా: కథలో, ఆటలో, బతుకులో ఉత్కంఠ

ఫలితం ఎటు తేలుతుందో ఆఖరి ఘడియ దాకా తెలియనీయకుండా సాగే ముగింపును ఉత్కంఠభరితమైన ముగింపు అంటారు. కథలో దాన్ని రచయిత కల్పిస్తాడు. ఆటలో నియమాలు కల్పిస్తాయి. నిత్యజీవితంలో వానో, కాల్వ నీరో, ఓట్ల లెక్కింపో తెచ్చిపెడుతుంది. ఈ మూడూ ఒక్కచోటే కనిపించే ప్రాంతం తెలంగాణలోని సూర్యాపేట జిల్లా. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ నుంచి విడివడిన ఈ జిల్లాలో ఆత్మకూర్ (ఎస్) ఒక మండలం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆత్మకూర్ (ఎం)తో తికమక రాకుండా పేరు పక్కన ఆ అక్షరం చేరింది. ఇటు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, అటు కోదాడ, మిర్యాలగూడల సాగర్ ఆయకట్టు, మేళ్లచెర్వు ఎడ్ల పందేలు, జిల్లాలో నువ్వా నేనా అన్నట్టు సాగే ఎన్నికలు ఈ వ్యాసానికి దగ్గరి ఉదాహరణలు. మిగిలినవి తెలుగు నేల మీదివీ, తెలుగువాళ్లు బయట ఆడి గెలిచినవీ, ఓడినవీ.

తెలియకపోవడమే ఉత్కంఠకు మూలమని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ముగింపు తెలిసిన కథకు కూడా జనం తెల్లవారేదాకా కూర్చుంటారు. మనం పట్టించుకున్న మనిషో, వస్తువో పణంగా ఉండటమే అసలు మూలం. నష్టం మన ఇంటిదాకా రాదన్న భరోసా ఉంటే ఆ ఉత్కంఠ ఆనందమవుతుంది, లేకపోతే వేదన అవుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే సినిమా పతాక సన్నివేశాన్నీ, ఎండుతున్న మడి గట్టు మీది ఎదురుచూపునూ ఒకే గాటన కట్టలేం.

తెలిసిన ముగింపుల పట్టు

ముగింపును ఎలా నడపాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం నాటక కథను ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అయిదు సంధులుగా విభజించింది. ఫలం చేతికందినట్టే అంది జారిపోయే ఘట్టం విమర్శ సంధి. చిక్కుముడులన్నీ విడిపోయే నిర్వహణంలో అద్భుత రసం ఉండాలని కూడా ఆ శాస్త్రం చెప్పింది. అంటే ప్రేక్షకుణ్ని ఊగిసలాటలోనే వదిలెయ్యకూడదు, చివరికి నోరు తెరిపించాలి.

దీన్ని పోతన తెలుసుకున్నంతగా మరొకరు తెలుసుకోలేదేమో. గజేంద్రమోక్షంలో ఏనుగు బతుకుతుందని కథ పేరులోనే ఉంది. అయినా బమ్మెర కవి తొందరపడడు. మకరంతో పోరు ఏళ్ల తరబడి సాగుతుంది. ఏనుగు బలం తగ్గుతున్న కొద్దీ మొసలి బలం పెరుగుతుంది. దేవుడు ఉన్నాడా లేడా అన్న అనుమానం గజరాజుకే కలుగుతుంది. అది మొరపెట్టుకున్న తర్వాత కూడా చక్రం వెంటనే రాదు. దృశ్యం వైకుంఠానికి మారుతుంది. లక్ష్మికి ఒక్క మాటైనా చెప్పకుండా, ఆయుధాలైనా అందుకోకుండా విష్ణువు బయల్దేరిన తీరును, వెనక పరుగెత్తుకొచ్చే పరివారాన్ని కవి పద్యం తర్వాత పద్యంగా చూపిస్తాడు. వినేవాడి మనసు మాత్రం మడుగులో మొసలి నోట్లో ఉన్న కాలి మీదే ఉంటుంది. ఇటు ప్రాణం పోతుంటే అటు సాయం బయల్దేరడాన్ని మార్చి మార్చి చూపించే ఈ పద్ధతిని సినిమా కొన్ని శతాబ్దాల తర్వాత తన సొత్తు చేసుకుంది.

రంగస్థలం మీద ఇలాంటి పట్టు సత్యహరిశ్చంద్రది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన సత్యహరిశ్చంద్రీయంలో కాటి సీను తెలుగు పల్లెల్లో నాటకం మొత్తం కన్నా పెద్ద పేరు తెచ్చుకుంది. జాషువా శ్మశానవాటి పద్యాలు తర్వాతి కాలంలో అందులో కలిసిపోయాయి. పాము కాటుకు చనిపోయిన లోహితాస్యుణ్ని చేతుల మీద మోసుకొచ్చిన చంద్రమతిని కాటికాపరిగా ఉన్న భర్త హరిశ్చంద్రుడే సుంకం అడుగుతాడు. చివరకు ఆమె తల తెగవేసే పని కూడా అతడి మీదే పడుతుంది. కత్తి పైకి లేస్తుంది. దేవతలు ప్రత్యక్షమవుతారని ముందు వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు. అయినా లేచిన కత్తికీ దిగని వేటుకూ మధ్య ఎవరూ కదలరు. డి.వి. సుబ్బారావు వంటి నటులు ఆ సీనులో రాగం తీస్తూ పద్యాన్ని సాగదీస్తే జనం విసుక్కోకుండా వన్స్‌మోర్ అన్నారు. ముగింపు ఆలస్యం కావాలని ప్రేక్షకులే కోరుకున్న అరుదైన సందర్భం అది.

సూర్యాపేట పక్కన, చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో పెద్ద జాతరగా దీనికి పేరు. ఓ లింగా అన్న పిలుపుతో గుట్టెక్కే యాదవుల ఇళ్లలో కాటమరాజు కథ ముగింపు తెలియనివాళ్లు తక్కువ. మందెచ్చులవాళ్లు, తెరచీరలవాళ్లు, కొమ్ములవాళ్లు ఈ కథను తరతరాలుగా పాడుతున్నారు. కరువు కాలంలో ఆవుల మందలతో నెల్లూరు సీమకు వెళ్లిన కాటమరాజుకూ, అక్కడి రాజు నల్లసిద్ధికీ మధ్య పుల్లరి (మేత పన్ను) దగ్గర తగవు పుట్టి యుద్ధం దాకా వెళ్తుంది. రాజు పక్షాన నిలిచిన ఖడ్గతిక్కన ఒకసారి ఓడి ఇల్లు చేరుతాడు. భార్య చానమ్మ అతడి స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద పెడుతుంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోస్తుంది. అతడు మళ్లీ కత్తి పట్టి వెళ్తాడు, తిరిగి రాడు. వినేవాళ్లకు కావాల్సింది అతడు చనిపోతాడా లేదా అన్నది కాదు. ఆ పసుపు ముద్దను చూసిన తిక్కన ఏం చేస్తాడన్నదే.

కథకుడికి ఇంకో కిటుకు కూడా ఉంది. ఒగ్గు కథలోనైనా, బుర్రకథలోనైనా మంచి పట్టున్న చోట పాట ఆగుతుంది. వంతపాటగాళ్లు హాస్యం అందుకుంటారు, చదివింపులు మొదలవుతాయి. కట్నం చదివించినవాళ్ల పేర్లు అందరికీ వినపడేలా చెబుతారు. కథ ఆగిన చోటే కథకుడి కూలి గిట్టుబాటవుతుంది.

తరువాయి వచ్చే సంచికలో

అదే కిటుకును అచ్చు పత్రికలు వ్యాపారంగా మార్చుకున్నాయి. 1840, 41ల్లో డికెన్స్ నవల భాగాలు భాగాలుగా వస్తుంటే అమెరికా పాఠకులు రేవుల్లో ఓడ కోసం కాచుకున్నారని చెప్పుకుంటారు. తెలుగువాళ్లకు ఆ అనుభవం 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామతో ఊరూరికీ చేరింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికలు నెలకోసారి హీరోను ఏ గుహలోనో, ఏ మాంత్రికుడి ముందో వదిలేసి వెళ్లేవి. పిల్లలకు నెల రోజులు ఆ గుహలోనే గడిచేవి.

చందమామ బేతాళ కథలది వేరే దారి. అక్కడ కథ పూర్తవుతుంది, తీర్పు మిగులుతుంది. విక్రమార్కుడు జవాబు తెలిసీ నోరు మెదపకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పాఠకుడు ఒక్క క్షణం పుస్తకం మూసి తనే జవాబు ఆలోచించుకునేలా చేసిన ముగింపు ఇది. పాతిక మూల కథలు అయిపోయాక కూడా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో ఆ చట్రంలోనే కొత్త కథలు వందలకొద్దీ ఒదిగాయంటే చట్రం ఎంత గట్టిదో తెలుస్తుంది. తెలుగు పిల్లలకు తర్కం నేర్పిన పాఠ్యపుస్తకం ఏదైనా ఉందంటే అదే.

వారపత్రికల కాలం వచ్చాక వ్యవధి నెల నుంచి వారానికి తగ్గింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారుతూ నలిగిపోయారు. 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం వస్తున్నప్పుడు ఇంటికొచ్చిన పత్రికను ఎవరు ముందు చదవాలన్నదే ఇంట్లో తగవు. చేతబడిని నమ్మించేలా రాశారని ఆ నవల మీద వచ్చిన విమర్శలో బలం ఉంది. అయితే ఒక చిన్నపిల్ల ప్రాణాన్ని పణంగా పెట్టి, రోజులు లెక్కపెడుతూ కథ నడిపిన నేర్పును ఎవరూ కాదనలేదు.

తెలుగు సినిమాలో అన్నిటికన్నా పెద్ద ఊగిసలాట బాహుబలిది. 2015 జూలై 10న విడుదలైన మొదటి భాగం, కట్టప్ప బాహుబలిని వెనక నుంచి పొడిచిన దృశ్యంతో ఆగింది. జవాబు 2017 ఏప్రిల్ 28న రెండో భాగంతో వచ్చింది. ఈ మధ్య ఏడాది తొమ్మిది నెలల పైచిలుకు కాలం దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. విజయేంద్రప్రసాద్ కథలో, రాజమౌళి దర్శకత్వంలో ఇక్కడ దాచింది చంపిందెవరన్నది కాదు. దాన్ని ముందే చెప్పేసి, ఎందుకన్నదే దాచారు. కుక్కలా విశ్వాసంగా ఉంటాడని చూపించిన మనిషి చేతిలోనే కత్తి పెట్టారు కాబట్టి ఆ ప్రశ్న నిలిచింది. 2014లో వెంకటేశ్ నటించిన దృశ్యం ఇంకో రకం మేలిమి పని. ప్రేక్షకుడు నేరస్థుడి పక్షాన కూర్చుని పోలీసుల చేతికి ఆధారం దొరకకూడదని మొక్కుకుంటాడు.

ఉత్కంఠకూ ఉలికిపాటుకూ తేడా చెబుతూ హిచ్‌కాక్ ఇచ్చిన బల్ల కింది బాంబు ఉదాహరణ ప్రసిద్ధం. బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలియకపోతే ఉలికిపాటు కొన్ని క్షణాలే. ముందే తెలిస్తే పావుగంట సేపు గుండె దడ. మన టీవీ ధారావాహికలు చాలావరకు ఈ తేడాను వదిలేశాయి. తలుపు తెరుచుకోవడం, ముగ్గురి ముఖాలు మూడేసి సార్లు దగ్గరగా చూపడం, మర్నాడు చూస్తే తలుపు దగ్గర ఉన్నది పాలవాడు కావడం. ఇది ఉత్కంఠ కాదు, ప్రేక్షకుడి నమ్మకాన్ని ఖర్చు చెయ్యడం. పూర్తికాని పని మనసులో ఎక్కువగా నిలుస్తుందని 1927లో బ్లూమా జైగార్నిక్ ప్రయోగాలు చెప్పాయి. తర్వాతి పరిశోధనలన్నీ దాన్ని బలపరచలేదు. ఎన్ని పనులు సగంలో వదిలినా పట్టించుకోనివాటిని మనసు పట్టించుకోదు.

ఒక్క పరుగు

ఆటలో రచయిత లేడు. అయినా హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో రెండేళ్ల తేడాతో జరిగిన రెండు ఐపీఎల్ ఫైనళ్లు చూస్తే ఎవరో రాసినట్టే ఉంటాయి. 2017 మే 21న ముంబయి ఇండియన్స్ చేసింది 129 పరుగులే. పుణేకు చివరి ఓవర్లో 11 కావాలి. మిచెల్ జాన్సన్ మొదటి బంతికి మనోజ్ తివారీ ఫోర్ కొట్టాడు, రెండో బంతికి అవుటయ్యాడు. మూడో బంతికి స్టీవ్ స్మిత్ కొట్టిన షాట్‌ను బౌండరీ దగ్గర అంబటి రాయుడు పట్టేశాడు. చివరి బంతికి నాలుగు కావాల్సి ఉండగా రెండే పరుగులొచ్చి, మూడో పరుగుకు వెళ్లిన డాన్ క్రిస్టియన్ రనౌట్ అయ్యాడు. ముంబయి గెలుపు ఒక్క పరుగుతో.

2019 మే 12న అదే మైదానం, అదే ముంబయి, ఎదురుగా చెన్నై. గెలవడానికి చివరి ఓవర్లో 9 పరుగులు. అంతకుముందు ఓవర్లలో బాగా పరుగులిచ్చిన మలింగకే బంతి దక్కింది. 80 పరుగులు చేసిన వాట్సన్ నాలుగో బంతికి రెండో పరుగు కోసం వెళ్లి రనౌట్. ఆఖరి బంతికి రెండు కావాలి. వేగం తగ్గించి వేసిన యార్కర్‌కు శార్దూల్ ఠాకూర్ ఎల్బీడబ్ల్యూ. మళ్లీ ఒక్క పరుగే. ఈసారి రాయుడు ఓడిన జట్టులో ఉన్నాడు. 2023 ఫైనల్లో, అహ్మదాబాద్‌లో అర్ధరాత్రి దాటాక, ఆఖరి రెండు బంతులకు పది పరుగులు కావాల్సి ఉండగా జడేజా సిక్స్, ఫోర్ కొట్టి చెన్నైని గెలిపించినప్పుడు రాయుడు మళ్లీ గెలిచిన వైపు ఉన్నాడు. అది అతడి చివరి ఐపీఎల్ మ్యాచ్. చివరి బంతికి తేలిన ఈ మూడు ఫైనళ్లలోనూ ఉన్న ఈ తెలుగు ఆటగాడి కథను ఎవరైనా పుస్తకంగా రాయాలి.

అయిదు రోజుల ఆటలోనూ ఆఖరి నిమిషం ఉంటుందని 2010 అక్టోబర్ 5న మొహాలీ చూపించింది. ఆస్ట్రేలియా మీద గెలుపు లక్ష్యం 216. భారత్ 124 పరుగులకే ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. నడుం నొప్పితో రన్నర్‌ను పెట్టుకుని ఆడుతున్న వి.వి.ఎస్. లక్ష్మణ్, ఇషాంత్ శర్మతో కలిసి 81 పరుగులు జోడించాడు. ఇషాంత్ పోయాక హైదరాబాద్ జట్టు సహచరుడు ప్రజ్ఞాన్ ఓఝా ఆఖరి బ్యాట్స్‌మన్‌గా దిగాడు. ఆరు పరుగుల దూరంలో ఓఝా మీద గట్టి ఎల్బీ అప్పీలు, అంపైర్ కాదన్నాడు. ఆ సందడిలోనే క్రీజు దాటి ఉన్న ఓఝాను రనౌట్ చెయ్యబోయిన స్మిత్ విసురు వికెట్లకు తగలకుండా బౌండరీకి పోయింది. తగిలి ఉంటే మ్యాచ్ పోయేది, తగలనందుకు నాలుగు పరుగులొచ్చాయి. ఎప్పుడూ గొంతు పెంచని లక్ష్మణ్ పరుగు దగ్గర తడబడిన ఓఝా మీద బ్యాట్ ఎత్తి అరవడం ఆ రోజే జనం చూశారు. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

ఓడినా మరపురాని ముగింపు పి.వి. సింధుది. 2017 ఆగస్టు 27న గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహరాతో 110 నిమిషాల పోరు. రెండో గేమ్ 73 షాట్ల ర్యాలీతో సింధు పరమైంది. మూడోది 20-20 దాకా వచ్చి 20-22తో చేజారింది. రెండేళ్ల తర్వాత బాసెల్‌లో అదే ఒకుహరాను ఆమె 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ గెలుపులో ఉత్కంఠ లేదు. సింధుకు కావాల్సింది అలాంటి గెలుపే.

నియమాలను మార్చి ఉత్కంఠ పెంచవచ్చు. ప్రొ కబడ్డీలో వరసగా రెండు కూతలు పాయింటు లేకుండా పోతే మూడోది చావో రేవో తేల్చాల్సిందే. చెడుగుడు ఆడి పెరిగిన సూర్యాపేట పల్లెల్లో ఈ ఆటకు ఆదరణ తక్కువేం కాదు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు కిక్కిరిసిన జనంతో గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఆట చూడటానికి వచ్చినవాళ్లకు భద్రత కల్పించలేని చోట ఉత్కంఠ గురించి మాట్లాడటం అన్యాయం.

కోదాడకు దక్షిణాన మేళ్లచెర్వులో శివరాత్రికి జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలది నెమ్మదైన ఉత్కంఠ. ఎద్దుల పళ్లను బట్టి విభాగాలు. పాలపళ్లవాటికి తేలిక బండ, సీనియర్ విభాగానికి బరువైనది. కొలిచి గీత గీసిన బాటలో నిర్ణీత సమయంలో బండను అటూ ఇటూ ఎంత దూరం లాగాయన్నదే లెక్క. దూరం అడుగుల్లో, అంగుళాల్లో చెబుతారు. ముందు జత ఎంత లాగిందో మైకులో వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి, ఆఖరి నిమిషంలో ఒంగోలు జత మోకాళ్లు వంచి ఆగిపోతే ఇంకెన్ని అంగుళాలు కావాలో చుట్టూ ఉన్న రైతులందరికీ తెలుసు.

ఓటు, నీరు

ఓట్ల లెక్కింపు రోజు ఉత్కంఠకు సూర్యాపేట జిల్లా పెట్టింది పేరు. 2018 శాసనసభ ఎన్నికల్లో కోదాడలో బొల్లం మల్లయ్య యాదవ్ ఉత్తమ్ పద్మావతి మీద 756 ఓట్లతో గెలిచారు. అదే ఏడాది తుంగతుర్తిలో గాదరి కిశోర్ ఆధిక్యం రెండు వేలు దాటలేదు. ఆత్మకూర్ (ఎస్) ఉన్న సూర్యాపేట నియోజకవర్గంలో కూడా 2018లో, 2023లో ఆధిక్యం ఆరు వేల లోపే. తెలుగు నేల మీద రికార్డు మాత్రం 1989 అనకాపల్లి లోక్‌సభ ఎన్నికది. కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. సర్పంచ్ ఎన్నికల్లో ఒక్క ఓటు తేడాలు, సమాన ఓట్లు పడి చీటీ తీయడాలు ప్రతిసారీ వినిపిస్తాయి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో అయితే ఓట్లు సమానమైనప్పుడు చీటీలో పేరొచ్చిన అభ్యర్థికి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్కించాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది.

ఎన్నికలు అయిదేళ్లకోసారి. నీటి ఉత్కంఠ ప్రతి యాసంగికీ ఉంటుంది. నాగార్జునసాగర్ కాల్వలకు 1967లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి విస్తరించింది. ఆత్మకూర్ (ఎస్) వైపు ఆధారం ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) రెండో దశ కాల్వలు, చెరువులు, బోర్లు. ఎక్కడో ఉత్తరాన గోదావరి మీద మొదలైన కాల్వకు ఇవి చివరి భూములు. వారం వదిలి వారం ఆపే పద్ధతిలో నీరొచ్చినప్పుడు పైవాళ్ల తూములు దాటి ఎంత మిగిలితే అంతే ఇక్కడికి చేరుతుంది. నాటు వేసినప్పుడు అందరికీ ధైర్యమే. పైరు పొట్టకొచ్చినప్పుడు తడి తప్పితే కంకి తాలు పోతుంది. అప్పుడు ఒక్క తడి కోసం రాత్రిళ్లు కాల్వ గట్టు మీద టార్చిలైట్లతో కాపలా కాస్తారు. నీళ్లు పక్క ఊరి దాకా వచ్చాయన్న ఫోన్‌కూ, మన మడిలో పారడానికీ మధ్య ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు.

కాల్వ రాకపోతే బోరుబండి వస్తుంది. వేపపుల్లతోనో, కొబ్బరికాయతోనో పాయింటు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి డ్రిల్లింగ్ మొదలుపెడతారు. ముందు ఎర్రమట్టి, తర్వాత తెల్లటి రాతి పొడి దుమ్ము. ఒక్కో రాడ్డు దిగుతున్న కొద్దీ అప్పు పెరుగుతుంది. పొడి కాస్త తడిగా వస్తే గుంపు దగ్గరికి జరుగుతుంది. మళ్లీ దుమ్మే లేస్తే ఇంకో రాడ్డు దించుదామా, ఇక్కడితో ఆపుదామా అన్నది ఇంటాయన, ఇంటామె అప్పటికప్పుడు తేల్చుకోవాలి. రెండించుల నీళ్లు పడితే ఊళ్లో పండుగ. పడకపోతే బండి వెళ్లిపోతుంది, బిల్లు మిగులుతుంది. ఇక్కడ ప్రేక్షకులు లేరు, చూస్తున్నవాళ్లందరూ నష్టంలో వాటాదారులే.

కథలో, ఆటలో ఊగిసలాటను తగ్గించమని ఎవరూ అడగరు. సాగులో మాత్రం తగ్గించడం సాధ్యమే. ఎన్ని తడులు ఇవ్వగలరో, ఏ తేదీల్లో ఇస్తారో నాట్లకు ముందే ఊరూరా చెప్పి, మొదటి తూముకు పెట్టిన లెక్కనే చివరి తూముకూ అమలు చెయ్యాలి. నీటిపారుదల శాఖ ప్రతి యాసంగికి ముందు ఆ పని చేస్తే ఆత్మకూర్ (ఎస్) వంటి చివరి మండలాల రైతు ఎన్ని ఎకరాలు నాటాలో ముందే తేల్చుకుంటాడు.